30కి 21 వస్తే అది మరుపా, బడికి వెళ్లకపోవడమా?

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఒక గీత గురించి.

ఒక పెద్దావిడ ఉన్నారనుకోండి, వయసు 72. ఈమధ్య మర్చిపోతున్నారని ఇంట్లోవాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ సైకాలజిస్ట్ ఓ పది నిమిషాలు ప్రశ్నలు అడిగి ఒక కాగితం చేతిలో పెట్టారు. స్కోరు 30కి 21. 24 కన్నా తక్కువ వస్తే అనుమానించాలట. అంతే, ఇంట్లోవాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. పార్కింగ్ దగ్గరే ఫోన్ తీసి వెతుకుతారు, డిమెన్షియా అని వస్తుంది. కొడుకు బ్యాంకు పాస్‌బుక్ తన దగ్గర పెట్టుకుంటాడు, కోడలు స్టవ్ దగ్గరికి రానివ్వదు. ఒక్క నంబర్‌తో ఆవిడ ఇంట్లో ఆవిడ స్థానమే మారిపోతుంది.

మరి ఆ 24 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరు, ఏ ఊళ్లో, ఎవర్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగి ఈ గీత గీశారు? నేను ఈ టాపిక్‌లోకి దిగింది ఈ ప్రశ్నతోనే. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు కోడ్‌లో ఎక్కడైనా ఒట్టి నంబర్ కనిపిస్తే, అది ఎందుకు అక్కడుందో రాయకపోతే, రివ్యూలో ఆపేసేవాళ్లం. ఈ 24 కూడా అలాంటి నంబరే. దాని వెనకాల కథ ఉంది, అది చిన్న కథ కాదు.

ముందు ఒక తేడా చెప్తాను. షుగర్ టెస్ట్ తీసుకోండి. ఫాస్టింగ్ 126 దాటితే డయాబెటిస్ అంటారు. ఆ స్థాయి దగ్గర్నుంచి కంటి రెటీనా దెబ్బతినడం పెరుగుతుందని చూసి ఆ గీత పెట్టారు. అంటే శరీరంలో జరిగే నష్టానికి ఆ నంబర్ కట్టేసి ఉంది. జ్ఞాపకశక్తి పరీక్షలో అలా కట్టేయడానికి ఏమీ లేదు. 15 మాటల్లో 7 గుర్తుంటే మంచిదా చెడ్డదా? మీలాంటి వాళ్లు మామూలుగా ఎన్ని చెప్తారో తెలిస్తే తప్ప చెప్పలేం. జేఈఈ మెయిన్‌లో మీ షిఫ్ట్‌లో రాసినవాళ్లతోనే మిమ్మల్ని పోల్చి పర్సంటైల్ ఇస్తారు కదా, అదే లాజిక్. ఇక్కడ గొడవంతా 'మీలాంటి వాళ్లు' అనే మాట దగ్గరే మొదలవుతుంది.

1975కి వెళ్దాం. అమెరికాలో మార్షల్ ఫోల్‌స్టీన్ అనే సైకియాట్రిస్ట్, ఆయన భార్య సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ, ఈ ముగ్గురూ ఒక చిన్న పరీక్ష రాశారు. మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్, పొట్టిగా ఎంఎంఎస్ఈ. అప్పటిదాకా ఉన్న పరీక్షలు చాలాసేపు సాగేవి, పెద్దవాళ్లు మధ్యలోనే అలిసిపోయేవారు. ఇది ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది. ఇవాళ తేదీ ఏంటి, మనం ఎక్కడున్నాం లాంటివి 10 మార్కులు. మూడు మాటలు చెప్పి తిరిగి చెప్పించడం 3. వందలోంచి ఏడు తీసేస్తూ పోవడం, 93, 86, 79, 72, 65, దానికి 5. ఇందాకటి మూడు మాటలు మళ్లీ అడగడం 3. గడియారం, పెన్సిల్ చూపించి పేర్లు అడిగితే 2. ఒక వాక్యం తిరిగి అనడం 1, కాగితం పట్టుకుని చెప్పినట్టు చేయడం 3, చదివి చేయడం 1, సొంతంగా ఒక వాక్యం రాయడం 1, ఒకదాన్నొకటి కోసుకునే రెండు ఐదుభుజాల బొమ్మలు చూసి గీయడం 1. మొత్తం 30.

ఆ మొదటి పేపర్‌లో 206 మంది పేషెంట్లు, 63 మంది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సగటు 27.6, డిమెన్షియా ఉన్నవాళ్ల సగటు 9.7. మధ్యలో అంత ఖాళీ ఉంటే గీత ఎక్కడ గీసినా పనిచేస్తుంది అనిపిస్తుంది కదా. తర్వాత ఏళ్లలో డాక్టర్ల చేతుల్లో ఆ గీత 24 దగ్గర స్థిరపడింది. పరీక్ష చిన్నది, ఖర్చు లేదు, ఫోటోకాపీ తీసి ఎవరైనా వాడుకోవచ్చు. ప్రపంచమంతా పాకింది. దీనికో తోక కథ కూడా ఉంది. పాతికేళ్లు ఉచితంగా తిరిగిన ఈ పరీక్ష హక్కుల్ని 2001లో ఒక కంపెనీకి ఇచ్చారు, అప్పట్నుంచి ఒక్కో ఫారానికి డబ్బులు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కి రాత్రికి రాత్రి లైసెన్స్ మార్చితే ఎలా ఉంటుందో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

సరే, ఆ 30 మార్కుల్ని ఇంకోసారి చూడండి. చదవడం 1, రాయడం 1, బొమ్మ గీయడం 1, ఏడేసి తీసివేతలు 5. మొత్తం 8 మార్కులు. బడికి వెళ్లని మనిషి ఈ ఎనిమిదీ పోగొట్టుకుంటే మిగిలేది 22. అంటే జ్ఞాపకశక్తి గురించి ఒక్క ప్రశ్న కూడా అడక్కముందే ఆ మనిషి 24 గీత కిందకి పడిపోయినట్టు. మా నాయనమ్మ బడి మొహం చూడలేదు. పాల లెక్క గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టి నెల చివర పైసాతో సహా చెప్పేది. వందలోంచి ఏడు తీసెయ్, మళ్లీ తీసెయ్ అంటే మాత్రం, దేనికిరా నాయనా అనేది.

ఈ సమస్య ముందు బయటపడింది మన దగ్గర కాదు, ఆ పరీక్ష పుట్టిన దేశంలోనే. 1982లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు జనరల్ వార్డులో ఉన్న 97 మంది పేషెంట్లకి ఈ పరీక్ష పెట్టి, వేరేగా సైకియాట్రిస్ట్‌తో కూడా చూపించారు. పరీక్ష ఫెయిల్ చేసింది గానీ డాక్టర్ మాత్రం ఏ జబ్బూ లేదన్నవాళ్లు కొంతమంది తేలారు. వాళ్లందరూ, మళ్లీ చెప్తున్నా, అందరూ తొమ్మిదేళ్ల కన్నా తక్కువ చదివినవాళ్లే. చాలామంది అరవై దాటినవాళ్లు.

అసలు డేటా 1993లో వచ్చింది. రోసా క్రమ్ అనే ఆవిడ, మార్షల్ ఫోల్‌స్టీన్ కూడా ఉన్న బృందం, జామా పత్రికలో ప్రచురించారు. 1980 నుంచి 1984 మధ్య అమెరికాలో ఐదు చోట్ల, న్యూ హేవెన్, బాల్టిమోర్, సెయింట్ లూయిస్, డరమ్, లాస్ ఏంజిలిస్, ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే అది. 18,056 మంది. 63 మంది నుంచి 18 వేలకి, స్కేల్ చూడండి. 18 నుంచి 24 ఏళ్ల వాళ్లలో మధ్య స్కోరు 29. 80 దాటినవాళ్లలో 25. చదువు పరంగా చూస్తే తేడా ఇంకా పెద్దది. తొమ్మిదేళ్లు, ఆపైన చదివినవాళ్లకి మధ్య స్కోరు 29. ఐదు నుంచి ఎనిమిదేళ్లు చదివినవాళ్లకి 26. నాలుగేళ్లు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకి 22.

మధ్య స్కోరు 22 అంటే ఆ గుంపులో సగం మందికి 22 గానీ, అంతకన్నా తక్కువ గానీ వచ్చిందని. అంటే 24 అనే గీత ఆ గుంపులో సగానికి పైగా మనుషుల్ని అనుమానితుల్ని చేసేస్తోంది. మనం మొదట్లో అనుకున్న ఆవిడ మూడో క్లాసుతో చదువు ఆపేసి ఉంటే, ఆవిడ 21 దాదాపు నట్టనడి స్కోరు. డిగ్రీ చదివి టీచర్‌గా రిటైర్ అయి ఉంటే అదే 21 నిజంగా కంగారు పడాల్సిన స్కోరు. నంబర్ ఒకటే, మనిషిని బట్టి అర్థం తిరగబడిపోతుంది.

అయితే చదువుని బట్టి మార్కులు కలిపేస్తే సరిపోతుంది కదా అంటారు. నాకూ మొదట అదే అనిపించింది, కానీ ఇక్కడే చిక్కుముడి పడింది. 1980ల చివర్లో షాంఘైలో రాబర్ట్ కాట్జ్‌మన్ అనే అమెరికన్ న్యూరాలజిస్ట్, చైనా డాక్టర్లు కలిసి 5,055 మంది పెద్దవాళ్లని చూశారు. వాళ్లలో బడికే వెళ్లనివాళ్లు చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు. అందుకే ఒక్క గీత కాకుండా మూడు గీతలు పెట్టారు. బడికి వెళ్లనివాళ్లకి 17, ప్రాథమిక చదువు ఉన్నవాళ్లకి 20, ఆపైన వాళ్లకి 24. పరీక్షతో ఆగకుండా డాక్టర్లతో పూర్తిగా పరీక్షించారు కూడా. అలా జాగ్రత్తలన్నీ తీసుకున్నా, బడికి వెళ్లనివాళ్లలో డిమెన్షియా ఎక్కువగానే కనిపించింది. అంటే చదువు లేకపోవడం స్కోరుని అన్యాయంగా తగ్గించడమే కాదు, జబ్బు వచ్చే అవకాశాన్ని కూడా నిజంగానే పెంచుతోంది. చదువు మెదడులో ఒక రకం నిల్వ లాంటిది కూడబెడుతుందని కాట్జ్‌మన్ వాదన.

ఇప్పుడేం చేయాలి? చదువుకి తగ్గట్టు గీత దించకపోతే, ఏ జబ్బూ లేని వాళ్ల మీద ముద్ర పడుతుంది. మరీ దించేస్తే, నిజంగా జబ్బు మొదలైనవాళ్లు 'చదువుకోలేదులే, వీళ్లు ఇంతే' అనే గుంపులో దాక్కుంటారు. మెషిన్ లెర్నింగ్ తెలిసినవాళ్లకి ఇది ఫాల్స్ పాజిటివ్, ఫాల్స్ నెగటివ్ గొడవ. తేడా ఏంటంటే ఇక్కడ రెండు వైపులా ఉన్నది ఎవరో ఒకరి అమ్మ. ఈ చిక్కుముడి ఇప్పటికీ పూర్తిగా విడిపోలేదు. నన్నడిగితే గీతలు వేరువేరుగా ఉండాల్సిందే, కానీ ఆ గీత ఒక్కదాని మీదే తీర్పు చెప్పకూడదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన భాగం ఇదే.

ఢిల్లీ పక్కన హర్యానాలో బల్లభ్‌గఢ్ అని ఉంది. 1990ల్లో అక్కడి పల్లెల్లో ఇండో-యూఎస్ ప్రాజెక్ట్ ఒకటి నడిచింది. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో పనిచేసే మేరీ గంగూలీ అనే సైకియాట్రిస్ట్, విజయ్ చంద్ర అనే న్యూరాలజిస్ట్, ఇంకా చాలామంది అందులో ఉన్నారు. పోలికకి అటువైపు పెన్సిల్వేనియాలో మొనోంగహేలా లోయ ఊళ్లు. బల్లభ్‌గఢ్‌లో 55 దాటినవాళ్లు 5,126 మంది పాల్గొన్నారు. వాళ్లలో 73 శాతం మందికి చదవడం, రాయడం రాదు. ఎంఎంఎస్ఈని హిందీలోకి ఉన్నదున్నట్టు అనువదించి పట్టుకెళ్తే ఏమవుతుందో ఊహించండి. పెన్సిల్ ఎప్పుడూ పట్టని తాతకి, ఐదుభుజాల బొమ్మ గీయి అంటాం. ఎకరా ఎంతకి అమ్మారో ముప్ఫై ఏళ్ల కింది లెక్క కూడా చెప్పగలడు, ఇంగ్లీష్ తేదీ మాత్రం ఆయనకి అక్కర్లేదు.

అందుకని వాళ్లు అనువాదం చేయలేదు, మళ్లీ కట్టారు. ఒక్కో ప్రశ్న ఏ సామర్థ్యాన్ని కొలవడానికి పెట్టారో చూసి, అదే సామర్థ్యాన్ని ఆ పల్లెలో ఎలా కొలవాలో ఆలోచించారు. ఏ సంవత్సరం అని కాకుండా ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అని అడిగారు. ఆస్పత్రి ఎన్నో అంతస్తు అని కాకుండా మీ ఊరు, పోస్టాఫీసు, జిల్లా ఏవి అన్నారు. ఒక ఇంగ్లీష్ మాటని అక్షరాలు వెనక్కి చెప్పమనే ప్రశ్న ఒకటి ఉంటుంది, దాని బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పించారు. కాగితం మీద రాసింది చదివి కళ్లు మూసుకోవాలి అనే ప్రశ్నకి బదులు, నన్ను చూసి నేను చేసినట్టే చేయండి అని చెప్పి, అడిగేవాళ్లే కళ్లు మూసుకున్నారు. వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు. అది హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్, 1995లో బయటికొచ్చింది. ఇంజనీర్ భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ అదే, లోపల కోడ్ మొత్తం కొత్తది.

ఇంకో పని కూడా చేశారు, అది నాకు ఇంకా గొప్పగా అనిపించింది. డిమెన్షియా అనాలంటే స్కోరు తగ్గడం ఒక్కటే చాలదు, రోజువారీ పనులు దెబ్బతినాలి. అమెరికాలో అయితే చెక్కులు రాసుకోగలుగుతున్నారా, ఒంటరిగా షాపింగ్ చేసుకోగలుగుతున్నారా అని అడుగుతారు. మన పల్లెలో డెబ్బై ఏళ్ల పెద్దాయనకి ఆ పనులు అసలు అప్పగించరు, చేయడానికి కోడళ్లు, మనవళ్లు ఉంటారు. జబ్బున్నా లేకున్నా ఆయన మంచం మీద కూర్చునే ఉంటాడు. అందుకని ఇండియా కోసం వేరే ప్రశ్నల జాబితా తయారు చేశారు. పండగలు గుర్తుంటున్నాయా, పెళ్లి లాంటి ఇంటి విషయాల్లో తన మాట చెప్తున్నారా, ఇలాంటివి. మన ఇళ్లల్లో పెద్దాయన మెదడు పనిచేస్తోందా లేదా తెలిసేది నిజంగా అక్కడే కదా. పెళ్లి మాటలప్పుడు నోరు తెరవని తాత ఉన్నాడంటే ఏదో తేడా ఉన్నట్టే.

ఇంత చేశాక 1998లో వచ్చిన ఫలితం, 65 దాటినవాళ్లలో డిమెన్షియా 1.36 శాతం. అప్పటికి ప్రపంచంలో నమోదైన అతి తక్కువ అంకెల్లో ఒకటి. ఎందుకంత తక్కువ? జబ్బు వచ్చినవాళ్లు అక్కడ ఎక్కువకాలం బతకడం లేదా, నిజంగానే తక్కువా, ఇంట్లోవాళ్లు మార్పుని వయసు ఖాతాలో వేసేశారా అని చాలా వాదనలు నడిచాయి. ఈ అంకెని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

చదువు సంగతి ఇలా ఉంటే వయసు సంగతి ఇంకోలా ఉంది. దాన్ని తొందరగా చెప్పేస్తాను. 1945లో డేవిడ్ వెక్స్‌లర్ తెచ్చిన మెమరీ స్కేల్ దశాబ్దాల పాటు పెద్ద పేరున్న పరీక్ష. దాని నార్మ్స్ సుమారు 200 మంది మీద, అదీ 25 నుంచి 50 ఏళ్ల మధ్య వాళ్ల మీద కట్టారు. మతిమరుపుతో ఎక్కువగా వచ్చేది డెబ్బైల్లో వాళ్లు, కొలబద్ద మాత్రం యాభైతో ఆగిపోయింది. 1980ల్లో వచ్చిన కొత్త వెర్షన్లు కూడా 74 దగ్గర ఆగాయి. 75వ పుట్టినరోజు చేసుకుంటే మీకు నార్మల్ అనేదే లేదు. చివరికి 1992లో మేయో క్లినిక్ వాళ్లు మిన్నెసోటాలో తమ చుట్టుపక్కల ఉన్న పెద్దవాళ్లు ఐదొందల మంది దాకా తీసుకుని 56 నుంచి 97 ఏళ్ల దాకా పట్టికలు తయారు చేశారు. ఆ తర్వాత ప్రపంచమంతా ఆ పట్టికల్నే వాడింది. కానీ అందులో ఉన్నవాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు, బాగా చదువుకున్నవాళ్లు. దాంతో మేయో వాళ్లే తర్వాత ఫ్లోరిడాలో నల్లజాతి పెద్దవాళ్ల కోసం వేరే పట్టికలు తీయాల్సి వచ్చింది.

1996లో న్యూయార్క్ బ్రాంక్స్ నుంచి మార్టిన్ స్లివిన్‌స్కీ బృందం ఒక మంచి ప్రశ్న వేసింది. మీరు నార్మల్ అని కూర్చోబెట్టిన ఎనభై ఏళ్లవాళ్లలో, బయటికి కనిపించకుండా జబ్బు అప్పటికే మొదలైనవాళ్లు ఎంతమంది? వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి ఫాలో అయిన డేటా ఉంది. తర్వాత డిమెన్షియా వచ్చినవాళ్లని వెనక్కెళ్లి నార్మల్ లిస్టులోంచి తీసేసి మళ్లీ లెక్కేశారు. సగటు పైకి లేచింది, స్కోర్ల చెదురు తగ్గింది, వయసుతో పాటు పడిపోవడం అని మనం అనుకున్నదాంట్లో కొంత భాగం మాయమైంది. ట్రైనింగ్ డేటాలో లేబుల్స్ తప్పుగా ఉంటే మోడల్ ఏం నేర్చుకుంటుందో, ఇదీ అదే. పెద్దయ్యాక మరుపు మామూలే అని ఇంట్లో అంటుంటాం చూశారా, ఆ 'మామూలు'లో కొంత జబ్బు కలిసి ఉందన్నమాట.

ఈ పట్టికలు ఎవరి జేబు మీద పడతాయో చూపించిన కేసు ఒకటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, ఎన్ఎఫ్ఎల్. తలకి దెబ్బలు తిని తిని డిమెన్షియా వచ్చిన మాజీ ఆటగాళ్లకి లీగ్ పరిహారం ఇవ్వాలని కోర్టు ద్వారా ఒప్పందం కుదిరింది, బిలియన్ డాలర్ల స్థాయిది. ఎవరికి ఇవ్వాలో తేల్చేది ఈ జ్ఞాపకశక్తి, ఆలోచనా పరీక్షలే. స్కోరుని నార్మ్‌తో పోల్చేటప్పుడు వయసు, చదువుతో పాటు జాతిని కూడా లెక్కలో కలిపారు. నల్లజాతి ఆటగాడికి మొదట్నుంచీ స్కోరు తక్కువే ఉండి ఉంటుంది అనే పట్టిక అది. ఫలితం ఏంటంటే, ఒకే స్కోరు వచ్చిన ఇద్దరిలో తెల్ల ఆటగాడిది పతనం, నల్ల ఆటగాడిది మామూలు. ఒకరికి డబ్బు, ఇంకొకరికి లేదు. లీగ్ మాజీ ఆటగాళ్లలో సగానికి పైగా నల్లజాతి వాళ్లే.

2020లో కెవిన్ హెన్రీ, నజే డావెన్‌పోర్ట్ అనే ఇద్దరు మాజీ ఆటగాళ్లు దీని మీద కోర్టుకెళ్లారు. 2021 జూన్‌లో లీగ్ ఈ పద్ధతి ఆపేస్తామని ప్రకటించింది. 2022లో జడ్జి అనితా బ్రోడీ మార్పుల్ని ఆమోదించారు, పాత స్కోర్లు మళ్లీ లెక్కేయాలని తేలింది. ఇక్కడ తమాషా కాని తమాషా ఏంటో చూడండి. జాతిని బట్టి పట్టికలు మొదట తయారు చేసింది నల్లజాతి పెద్దవాళ్ల మీద డిమెన్షియా ముద్ర అన్యాయంగా పడకూడదనే. బడులు వేరుగా, నాసిరకంగా ఉన్న రోజుల్లో చదువుకున్నవాళ్లు వాళ్లు. రక్షించడానికి దించిన గీత, డబ్బు దగ్గరికొచ్చేసరికి గోడ అయింది. బడి నాణ్యత కొలవాల్సిన చోట ఒంటి రంగుని పెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది.

కొత్త పరీక్షలు వచ్చినా ఈ కథ మారలేదు. 2005లో మాంట్రియల్ నుంచి జియాద్ నస్రెద్దీన్ బృందం మోకా అనే పరీక్ష తెచ్చింది, ఇప్పుడు అన్ని చోట్లా కనిపించేది అదే. గీత 26. పన్నెండేళ్లు, అంతకన్నా తక్కువ చదివితే ఒక మార్కు కలుపుతారు. 2011లో డల్లాస్‌లో మామూలు జనం 2,653 మందికి పెట్టి చూస్తే సగటు 23 చిల్లర వచ్చింది, 66 శాతం మంది గీత కిందే ఉన్నారు. ఊళ్లో మూడింట రెండొంతుల మందికి జబ్బంటే నమ్ముతారా?

ఇక మన తెలుగు సంగతి. కేంబ్రిడ్జ్‌లో 2000లో ఎడెన్‌బ్రూక్స్ పరీక్ష అని 100 మార్కులది ఒకటి వచ్చింది. ఆ పేపర్ మొదటి రచయిత పి.ఎస్. మధురనాథ్, మనవాడే. తర్వాత ఆయన తిరువనంతపురం శ్రీ చిత్ర ఇన్‌స్టిట్యూట్‌లో దాన్ని మలయాళంలోకి తెచ్చారు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం తెలుగులోకి తెచ్చింది. ఇది ఎంత కష్టమో ఒక్క ప్రశ్న చూస్తే తెలుస్తుంది. ఇంగ్లీష్‌లో నిమిషంలో పి అక్షరంతో వచ్చే మాటలన్నీ చెప్పమంటారు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కాకుండా. తెలుగులో దాన్నేం చేస్తారు? ప, పా, పి, పు, ప్ర ఇవన్నీ ఒకే అక్షరమా, వేరువేరా? అక్షరం రానివాళ్లకి అసలు 'అక్షరం' అంటే ఏంటి? తేదీ సంగతి కూడా అంతే. మన అమ్మమ్మలు ఇవాళ ఏకాదశి అని ఠక్కున చెప్తారు, 14వ తారీఖా 15వ తారీఖా అంటే క్యాలెండర్ వైపు చూస్తారు. కాలాలు అమెరికాలో నాలుగు. మన పంచాంగంలో రుతువులు ఆరు, నోటి మాటలో ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడే.

ఆ నిమ్స్ బృందమే 2013లో న్యూరాలజీ పత్రికలో ఒక పేపర్ వేసింది, ప్రపంచమంతా మాట్లాడుకున్నారు. డిమెన్షియా ఉన్న 648 మందిని చూస్తే, అందులో 391 మంది రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వాళ్లకన్నా వాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడే మన హైదరాబాద్ లాంటి ఊరు కాబట్టి ఈ ప్రశ్న వేయగలిగారు, ఎందుకంటే ఇక్కడ రెండో భాష బజారులోనే వచ్చేస్తుంది, బడి అక్కర్లేదు. అంటే 'మీలాంటి వాళ్లు' అనే లెక్కలో వయసు, చదువు మాత్రమే కాకుండా ఎన్ని భాషలు అనేది కూడా చేర్చాలేమో అనే ఆలోచన మొదలైంది. తర్వాత ఐసీఎంఆర్ ఒకే పరీక్షల కిట్‌ని హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం ఐదు భాషల్లో తయారు చేయించింది, చదువుకున్నవాళ్లకీ, చదువుకోనివాళ్లకీ తగ్గట్టు.

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పరీక్ష జరిగితే గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటి చెప్తాను, మ్యాథ్స్ చిన్నదే. పూర్తి బ్యాటరీ అంటే 20 చిన్న పరీక్షలు అనుకోండి. ఒక్కోదాంట్లో అట్టడుగు 5 శాతంలో ఉంటే 'తక్కువ' అంటారు. పరీక్షలు ఒకదానికొకటి సంబంధం లేనివైతే, ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒక్కదాంట్లో 'తక్కువ' వచ్చే అవకాశం 64 శాతం. 0.95ని ఇరవైసార్లు గుణించి ఒకటిలోంచి తీసేయండి, కాలిక్యులేటర్‌లో మీరే చూసుకోవచ్చు. నిజం పరీక్షలకి ఒకదానితో ఒకటి సంబంధం ఉంటుంది కాబట్టి అంత రాదు, కానీ తక్కువేం కాదు. రిపోర్టులో ఒక్క ఎర్ర నంబర్ చూసి కంగారు పడకండి. ఎవరితో పోల్చారు, ఏ భాషలో పెట్టారు, ఆవిడ ఎంత చదివారో అడిగారా అని డాక్టర్‌ని అడగండి. ఇది అడిగే హక్కు మీకుంది, మంచి డాక్టర్లు సంతోషంగా చెప్తారు. ఏడాది తర్వాత మళ్లీ పెట్టే పరీక్షకి ఇప్పటి కాగితం చాలా విలువైనది, పారేయకండి. అప్పుడు ఆవిడని పోల్చేది ఆవిడతోనే.

ఇందాక గుర్తుంచుకోమన్న అంకె దగ్గరికి వద్దాం. 2017 నుంచి 2020 దాకా దేశమంతటా 60 దాటిన 4,096 మందితో లాసీ-డ్యాడ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. బల్లభ్‌గఢ్‌లో పుట్టిన ఆ హిందీ పరీక్ష దీంట్లో కూడా ఉంది, భాషలు మార్చి వాడారు. పరీక్షలతో పాటు ఇంట్లోవాళ్ల మాట కూడా తీసుకుని, డాక్టర్ల బృందం ఆ రికార్డులు చూసి తేల్చింది. వచ్చిన అంచనా 7.4 శాతం, అంటే దేశంలో 88 లక్షల మంది. ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువ. వయసు గుంపు వేరు, పద్ధతి వేరు కాబట్టి 1.36నీ 7.4నీ పక్కపక్కన పెట్టి జబ్బు ఐదింతలైందని అనలేం. ఆ తేడాలో ఎంత భాగం జనం మారడం, ఎంత భాగం గీత మారడం అనేది ఇప్పటికీ నడుస్తున్న పని.

మీ ఇంట్లో బడికి వెళ్లని పెద్దవాళ్లు లెక్కలు ఎలా గుర్తుపెట్టుకునేవారో కామెంట్స్‌లో రాయండి, గోడ మీద గీతలా, చీర కొంగు ముడులా, ఇంకేమైనా. వచ్చే వారం కలుద్దాం.